మొద్దు పడుకుంటే

నర్సమ్మ ఇంట్లో పొద్దున్నే వినిపించే మొదటి కేక, "పిల్లి లేస్తోంది, మంచం మడవండి!"

అది వినగానే ఎవరి పని వాళ్లు అందుకునేవారు. వ్యాను నడిపే భర్త మడతమంచాన్ని గోడకి నిలబెట్టేవాడు. పిల్లలు పక్కబట్టలు చుట్టేవారు. అత్తగారు కుర్చీ లాక్కుని పొయ్యి పక్కకి జరిగేది. అప్పుడు గోడలు నెమ్మదిగా దగ్గరికొచ్చి, ఇల్లు మళ్లీ ఎప్పటిలా ఒక్క గది అయ్యేది. వాళ్ల పిల్లి పడుకుంటే గది పెద్దదవుతుంది, లేస్తే మామూలవుతుంది. కొందరిళ్లలో కుళాయి పొద్దున వస్తుంది, కొందరిళ్లలో సాయంత్రం వస్తుంది. వీళ్లింట్లో చోటు అలా వచ్చిపోయేది. పోస్టుమాన్ కూడా గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, "పడుకుందా? అయితే లోపలికొచ్చి ఇస్తా" అనేవాడు.

నిజానికి పిల్లులు రెండు. తల్లి పేరు దొరసాని. ఒక వానరోజు పిల్లని నోట కరుచుకుని ఈ ఇంట్లోకొచ్చింది. ఆ పిల్లే మొద్దు. అప్పట్నుంచీ రెండూ ఒకే బుట్టలో, ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోయేవి. ఘనతంతా తల్లిదేనని వీధంతా తేల్చేసింది. ఆ తోక, ఆ నడక చూస్తే ఎవరైనా అదే అంటారు మరి. మొద్దుదేముంది, తినడం, పడుకోవడం. "చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునే రకం" అని అత్తగారు దాన్ని ఎత్తిపొడిచేది. మొద్దు ఆవలించేది.

ఆ ఏడు నర్సమ్మకి ఎన్నాళ్లకో వారం సెలవు దొరికింది. పిల్లలు సముద్రం అన్నారు, అత్తగారు కూడా సముద్రమే అంది. మరి పిల్లుల్ని ఎవరు చూస్తారన్న మాట ఇంకా పూర్తికాకముందే మేడమీది ఇంటి ఓనరు దిగొచ్చాడు.

"దొరసానిని నాకొదిలెయ్యమ్మా. మా అక్కయ్య వాళ్లంతా దిగుతున్నారు. హాలు కాస్త సాగితే అందరికీ పడకలు పడతాయి."

"మొద్దు కూడా ఉంది కదా, బాబాయ్ గారూ. రెండూ విడిగా ఉండవు."

"అదెందుకు నాకు? తిండి దండగ. నేనసలు మఖమల్ దిండు కూడా కొనేశాను."

ఓనరు మాట కాదంటే రేపు కుళాయి దగ్గర మొహం చూపించాలి కదా. దొరసాని మేడెక్కింది. మొద్దుని చంకనేసుకుని నర్సమ్మ మెట్లకింద దుకాణానికెళ్లింది.

ఆ దుకాణం టైలరమ్మది. మిషను, ఇస్త్రీబల్ల, ఆమె, అంతే పడతాయి. నిటారుగా లేస్తే మెట్టు తలకి తగులుతుంది.

"నీకే చోటు లేదు, మళ్లీ దీన్నెలా అంటగట్టాలా అని సిగ్గుగా ఉంది, వదినా."

"చోటు లేని దగ్గర ఇంకో ప్రాణి ఎక్కువా? వదిలెళ్లు వదినా."

"పొద్దునా సాయంత్రం తిండి. నీళ్లు రోజూ మార్చు. ఇసుక ట్రే ఆ మూల పెట్టు. తలుపు తీసేముందు ఎక్కడుందో చూసుకో. తల నిమిరితే సంతోషిస్తుంది, నిమరకపోయినా పడుకుంటుంది."

నర్సమ్మ వెళ్లాక టైలరమ్మ ఒడిలోని గుడ్డ వంక చూసి నిట్టూర్చింది. అది నాటకశాల తెర. తెర నిండా గుడ్డముక్కలు అతికి కుట్టిన పెద్ద ఓడ బొమ్మ. పరవడానికి చోటు లేక, ఒడిలో మడత తర్వాత మడత వేసుకుంటూ కుట్టింది. తీరా నాటకశాలలో వేలాడదీస్తే ఓడ ముందుభాగం మూరెడు పైకీ, వెనకభాగం మూరెడు కిందకీ పోయాయి. మేనేజరు తలపక్కకి వంచి చూసి, "ఏమ్మా, ఇది బయల్దేరే ఓడా, మునిగే ఓడా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమే నవ్వింది. ఇంటికొచ్చి ఏడ్చింది. శనివారం ఆట మొదలయ్యేలోపు సరిచేసి తెస్తే సరే, లేకపోతే తెర పని మిల్లుకిచ్చేస్తామన్నారు. రెండ్రోజులు హాలు వాడుకోనివ్వమని ఓనర్ని అడిగితే, "పట్టని పని ఒప్పుకోవడమెందుకు?" అన్నాడు. ఇది చేజారితే ఇక బతుకంతా చిరుగులూ బొత్తాలే. ఆమెకున్న ఆశల్లా ఆ ఓడే.

మొద్దు తల్లికోసం మూలమూలలా వెతికింది. తిండి ముట్టలేదు. మెట్లవైపు చూసి చూసి అరిచింది. టైలరమ్మ సూది గుచ్చిపెట్టి దాన్ని దగ్గరికి పిలిచింది.

"అమ్మ లేదనా? రా నాన్నా. నాకూ ఏడుపొస్తోంది, ఇద్దరం కలిసి ఏడుద్దాం."

మొద్దు గుడ్డపేలికల కుప్పెక్కి, కాళ్లతో కాసేపు తొక్కి, చుట్టచుట్టుకుని పడుకుంది. టైలరమ్మ కత్తెర కోసం గోడ మేకువైపు చెయ్యి చాపింది. మేకు అందలేదు. లేచి నిలబడింది. తలకి మెట్టు తగల్లేదు. మేకు దగ్గరికి నడవాల్సొచ్చింది.

ఆమె అరవలేదు. చెప్పులు విడిచి పక్కన పెట్టి, తెర మొత్తం విప్పి, ఈ గోడనుంచి ఆ గోడదాకా నేలమీద పరిచింది. తన ఓడని మొదటిసారి నిండుగా చూసుకుంది. తప్పు ఎక్కడుందో ఇట్టే కనిపించింది.

మొద్దు నిద్రంటే అలాంటిలాంటి నిద్ర కాదు. ఊరంతా వెక్కిరించిన ఆ సోమరితనమే ఆమెకి వరమైంది. అది లేస్తే తెర మడిచి తిండి పెట్టేది. "తిను నాన్నా, తిని పడుకో" అనేది. తోక కదిలితే ఆమె సూది ఆగిపోయేది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఆ ఎలుక టైలరమ్మ.

పని చివరికొచ్చిన మధ్యాహ్నం మెట్లమీద ఓనరు గొంతు ఖంగుమంది. "మోసం! పచ్చి మోసం! వచ్చిన దగ్గర్నుంచీ గుర్రుపెట్టి నిద్రపోతోంది, గోడ అంగుళం కదల్లేదు. అక్కయ్య వాళ్లు వరండాలో పడుకుంటున్నారు!" దొరసానిని చంకలో పెట్టుకునే తలుపు తోశాడు.

తోసి, రెండడుగులు లోపలికేసి ఆగాడు. తన మెట్లకింద తన హాలుని మించిన హాలు. దాని నిండా ఓడ. మూల పేలికలమీద మొద్దు.

"ష్..." అంది టైలరమ్మ.

ఓనరు గొంతు దానంతటదే తగ్గింది. "అంటే... ఇన్నాళ్లూ ఇదా? అయితే మార్చెయ్. తల్లిని తీసుకో, దీన్నియ్యి."

"ఏరుకున్నది మీరే కదా, బాబాయ్ గారూ. ఎత్తుకుంటే ఎత్తుకోండి. కానీ చెయ్యేస్తే లేస్తుంది, మీరు లోపలున్నారు, గోడలొచ్చేస్తాయి."

ఓనరు తన పొట్ట వంక చూసుకున్నాడు, గోడల వంక చూశాడు. మునివేళ్లమీద వెనక్కి నడిచి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు.

శనివారం పొద్దున్నే నర్సమ్మ వాళ్లు దిగారు. మొద్దు సంగతి విని అత్తగారు దాన్ని ఒళ్లోకి తీసుకుని, "అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాన్రా, బంగారం" అంది. టైలరమ్మ మాత్రం మొద్దు పడుకున్న పేలికలు ఏరి మూటగట్టసాగింది. ఇక దుకాణం మళ్లీ మెట్లకింద ఇరుకేగా.

నర్సమ్మ అది చూసింది. "మాకు చోటు కావల్సింది రాత్రిళ్లు, వదినా. నీకు పగలు. వీడికి రెండు పూటలూ నిద్రే. సరిపోలా?"

ఆ మాటకి టైలరమ్మ నర్సమ్మని కావలించుకుని ఏడ్చేసింది. దొరసాని ఆ మఖమల్ దిండు వదల్లేదు. ఓనరూ వదలమనలేదు.

సాయంత్రం నాటకశాల కిక్కిరిసింది. టైలరమ్మ ముందు వరసలో, పక్కన నర్సమ్మ కుటుంబం. దీపాలు వెలిగాయి. తెరనిండా ఓడ, తెరచాప విప్పుకుని, ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒక్క గీత తప్పకుండా నిలబడింది. ఆట మొదలుకాకుండానే చప్పట్లు మోగాయి. తెర లేస్తుంటే ఓడ కదిలి ముందుకెళ్లినట్టే ఉంది. ఈసారి ఆమె మనసారా నవ్వింది.

ఆట అయ్యాక మేనేజరు ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు. "బయల్దేరే ఓడేనమ్మా, ఒప్పుకున్నాను. ఇంకో తెరుంది, దీనికి రెండింతలు. మీ దుకాణంలో పడుతుందా?"

"మావాడు పడుకుంటే పడుతుందండీ."

మేనేజరు తలూపాడు. "అయితే గుడ్డ పంపేటప్పుడు మావాళ్లకి చెప్తాను, మెట్ల దగ్గర చెప్పులు విడిచి రమ్మని."