ఒకటిన్నర అంగుళం

మా మేనకోడలు పొట్టిది. అందులో దాని తప్పేముంది? తప్పల్లా ఆ ఆరడుగులాయనదే.

ఆయన గోల్ఫ్ మైదానం కమిటీలో పెద్దమనిషి. నేను అక్కడే రేకుల షెడ్డులో ఆటకర్రలు బాగుచేసేవాణ్ణి. మా పిల్ల అక్కడే చిన్నపిల్లలకి ఆట నేర్పుతుంది, అదీ తాత్కాలికంగా. ఉద్యోగం ఖాయం కావాలంటే పరీక్ష పెట్టారు. డ్రైవర్‌తో, అంటే తొలిదెబ్బకి వాడే ఆ పొడుగాటి కర్రతో, పది బంతులు కొట్టాలి. రెండు జెండాల మధ్య ఏడు పడాలి. పడకపోతే ఇంటికే.

పిల్ల దగ్గరున్న డ్రైవర్ ఆరడుగులాయన ఇచ్చిందే. నలుగుర్నీ పిలిచి, ఫోటో తీయించుకుని మరీ ఇచ్చాడు. ఆయన ఎత్తుకి సరిపోయే కర్ర అది. దాంతో పిల్ల పది కొడితే నాలుగు పడేవి, మిగతావి చెట్లల్లోకి. "ఇంకా సాధన చెయ్యాలమ్మా" అని ఆయన సలహా. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్ద చొక్కా తొడిగి, చేతులు పెంచుకోమన్నట్టుంది.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం ఆ కర్రని బల్ల మీద పెట్టాను. తెలియనివాళ్ళు కింద, బంతికి తగిలే తల వైపు కోసేస్తారు. అప్పుడు కాడ వంగకుండా బిర్రుగా అయిపోతుంది. కొయ్యాల్సింది చేత్తో పట్టుకునే కొస. దాని మీది పాత రబ్బరు తొడుగు ఊడదీసి ఒకటిన్నర అంగుళం కోశాను. కాడ పొట్టిదైతే తల తేలికైపోయినట్టుంటుంది, ఊపేటప్పుడు అదెక్కడుందో చేతికి తెలీదు. అందుకని తల అడుగున సీసం పట్టీ అంటించాను. కొత్త రబ్బరు తొడిగాను. పిల్ల పది కొట్టింది. తొమ్మిది పడ్డాయి.

ఆ ముచ్చట ఎంతసేపు? ఆరడుగులాయన రానే వచ్చాడు.

"ఏమయ్యా, నా కర్ర కోశావా?"

"మీరు పిల్లకిచ్చేశారు కదండీ."

"ఆడమని ఇచ్చాను, కొయ్యమని ఇవ్వలేదు. ఎంత పాడుచేశావో చూపిస్తానుండు."

పిల్లని ఒక్క మాట అడిగాడా? లేదు. దాని చేతిలోంచి లాక్కుని మూడు బంతులు కొట్టాడు. మూడూ జెండాల మధ్యే పడ్డాయి. ఇరవయ్యేళ్ళుగా ఆయన బంతులు చెట్లల్లో వెతికి తెస్తున్నాం మేం. కర్రని తిప్పి తిప్పి చూసుకున్నాడు. చూసుకుని, తన సంచీలో పెట్టేసుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటుందిలే. అమ్మాయికి ఇంకోటి చూద్దాం."

"పరీక్ష రేపండీ," అంది పిల్ల.

"చూద్దాంలేమ్మా."

ఇచ్చిన చేత్తోనే లాక్కోవడానికి మనిషికి సిగ్గుండక్కర్లేదా? ఆయన సంచీలోంచి కర్ర బయటికి తీశాను. బ్లేడుతో రబ్బరు చీల్చి ఊడదీశాను. సీసం పట్టీ పీకేశాను. బోడి కర్రనీ, కోసిన ఒకటిన్నర అంగుళం ముక్కనీ ఆయన చేతిలో పెట్టాను.

"మీరిచ్చిందంతా ఉంది, చూసుకోండి సార్. మిగతాది మాది."

ముఖం గంటుపెట్టుకుని వెళ్ళిపోయాడు. నా కసి తీరింది గానీ, పిల్లకి తెల్లారితే పరీక్ష, చేతిలో కర్ర లేదు.

అది గోడకేసి చూసింది. "మావయ్యా, నీదుందిగా."

గోడకి వేలాడుతున్నది నా డ్రైవర్. వయసులో ఉన్నప్పుడు పనివాళ్ళ పోటీలో గెలుచుకున్నాను. ఎవర్నీ ముట్టుకోనివ్వను.

"దాన్నా? ఆడుకుంటానంటే ఇస్తాగానీ, కొయ్యడమంటే..." అన్నాను.

అచ్చం ఆరడుగులాయన మాటే నా నోట్లోంచి వచ్చింది. తలకొట్టేసినట్టయింది నాకు.

కర్ర దించాను. బల్లకి బిగించాను. కోశాను. ఆ సీసం పట్టీనే దీని తలకి అంటించాను.

మర్నాడు ఎనిమిది పడ్డాయి. ఉద్యోగం ఖాయమైంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టిందెవరనుకున్నారు? ఆరడుగులాయనే. "మనమిచ్చిన కర్రే," అని పక్కాయనతో చెబుతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నలుగురిలో కడిగేద్దామని లేచాను.

జేబులో చేతికి నా డ్రైవర్‌లోంచి కోసిన ముక్క తగిలింది. కర్ర పిల్లకిచ్చేసినా, ముక్క మాత్రం పారెయ్యబుద్ధి కాక పొద్దున్న వెంట తెచ్చుకున్నాను.

కూర్చున్నాను.