మొక్క పీకి వేరు చూసేవాళ్ళు

హోబర్ట్ నోటికి తాళం వేసేవాడు వెల్డన్ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

"మూడేళ్ళయిందయ్యా, మూడేళ్ళు! ఈ ఏడాది పద్నాలుగు గెలిచాడు, పద్నాలుగు ఓడాడు. దీన్ని కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టును నిలబెట్టడం అంటారా? నా పాత ట్రాక్టరే నయం, నత్తనడకైనా ముందుకే పోతుంది," అన్నాడు పొద్దున్నే హోటల్లో, అందరికీ వినబడేలా.

"పాత కోచ్ ఊరొదిలి పోయేటప్పుడు ఏం మిగిల్చాడు? జట్టులో ఏడుగురు పిల్లలూ, తన అక్రమాల మీద ఊరంతా తలదించుకునే విచారణా," అంది కాఫీ పోస్తున్న లూయెల్లా. "మొదటేడు ఆరు గెలిచాడు ప్రూయెట్. నిరుడు పదకొండు. నీకు కళ్ళు లేవా, లెక్క రాదా?"

"సర్లే, మామగారి ముందు ఇంకేం అంటాం," అని హోబర్ట్ ఆర్వల్ వైపు చూసి కన్ను గీటాడు.

ఆర్వల్‌కు నవ్వు రాలేదు. కోచ్ డారెల్ ప్రూయెట్ అతని అల్లుడు. శనివారం ఆఖరి ఆట. సగానికి మించి గెలవకపోతే వేరే కోచ్‌ను చూసుకుంటామని కాలేజీ వాళ్ళు తేల్చి చెప్పేశారు. డారెల్ ఊరొదిలితే కూతురు జోలీన్ కూడా పోతుంది. ఆర్వల్ భార్య పోయాక ఒంటరిగా ఉన్నాడు; మొగుడి ఉద్యోగంతో ఊళ్ళు పట్టుకు తిరిగిన కూతురు మూడేళ్ళ కిందటే నాలుగు వీధుల అవతలికి కాపురం వచ్చింది. మళ్ళీ ఏ ఒరెగాన్‌కో, ఏ టెక్సాస్‌కో వెళ్ళిపోతే?

పైగా ఆ పొద్దున కూతురింటి ముందు గడ్డిలో 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు మొలిచింది. వాళ్ళు పెట్టింది కాదు. ఓడిపోయే కోచ్‌కు ఈ ఊరి అభిమానులు పెట్టే నోటీసు అది. పాత కోచ్ గడ్డిలో బోర్డు లేచిన పదో రోజున సామాన్ల లారీ వచ్చింది. జోలీన్ లేవకముందే ఆర్వల్ దాన్ని పీకి తన ట్రక్కులో పడేశాడు.

గురువారం సాయంత్రం ఆరింటికి రేడియోలో అభిమానులు ఫోను చేసి మాట్లాడే గంట. ఆర్వల్ ధాన్యం గోదాము వెనక ట్రక్కు ఆపి, ఫోను మీద చేతిరుమాలు కప్పి, గొంతు లావు చేసి మాట్లాడాడు. పేరు ల్యారీ అన్నాడు. పక్క ఊరన్నాడు. ముసలాడికి ఎంత తెలివో చూడండి!

"ఆయన్ని తిట్టేవాళ్ళకి ఒక్క మాట. మొక్క నాటి, రోజూ పీకి వేరు చూస్తే అది పెరుగుతుందా? ఓపిక పట్టండి. ఆ టైరెల్ కుర్రాడి మోకాలు కుదురుకోనీండి, అప్పుడు చూద్దురు..."

"ఏ మోకాలు?" అన్నాడు రేడియో మనిషి.

జట్టు మొత్తాన్ని నడిపించే టైరెల్‌కు ఎడమ మోకాలు వాచిందని బయట ఎవరికీ తెలియదు. ఆదివారం కూతురింట్లో భోజనాల దగ్గర డారెల్ నోరు జారితే అతని చెవిన పడింది, అంతే. ఆర్వల్ టక్కున ఫోను పెట్టేశాడు. కానీ వినాల్సిన వాళ్ళు వినేశారు. అవతలి జట్టు శనివారం ఆ మోకాలి మీదే పడుతుంది.

ఆ రాత్రి అతనికి కునుకు లేదు. శుక్రవారం హోటల్లో అందరూ మోకాలి గురించే. "ఇంటి దొంగెవడో!" అన్నాడు హోబర్ట్. ఆర్వల్ కాఫీ ముట్టకుండా లేచిపోయాడు.

మధ్యాహ్నం డారెల్ నుంచి పిలుపొచ్చింది. "మామయ్యా, ఒకసారి ఇంటికి రాగలవా?"

తెలిసిపోయింది, అనుకున్నాడు ఆర్వల్. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. డారెల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. జోలీన్ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది.

"ఊళ్ళో నీకు తెలియని గొంతు లేదు కదా," అన్నాడు డారెల్. "ఈ ల్యారీ ఎవడో చెప్పు. పిల్లలకి కట్లు కట్టే మార్సీయే వీడికి చెప్పుంటుంది. అందుకే పొద్దున దాన్ని పనిలోంచి తీసేశాను. ఏడుస్తూ వెళ్ళింది పాపం. 'నేనెవరికీ చెప్పలేదు కోచ్' అని ఎంత చెప్పినా వినలేదు నేను."

డారెల్ ఆ రేడియో మాటల రికార్డు పెట్టాడు. లావు గొంతు, రుమాలు చాటు గొంతు. అల్లుడికి తెలియలేదు. బతికిపోయాను, అనుకున్నాడు ఆర్వల్. అంతలో 'మొక్క నాటి, రోజూ పీకి వేరు చూస్తే...' అన్న మాట వచ్చింది. వంటింట్లో కుళాయి ఆగిపోయింది.

చిన్నప్పుడు లెక్కలు రాక ఏడ్చినా, సైకిలు రాక పడినా, జోలీన్‌కు తండ్రి చెప్పిన మాట అదొక్కటే. ఆమె తడి చేతులతో గుమ్మంలో నిలబడింది. తండ్రి వైపే చూస్తోంది. ఆయనే చెప్పాలని ఎదురుచూస్తోంది.

నోరు మూసుకుంటే చాలు. కూతురు బయటపెట్టదు, అది అతనికి తెలుసు. కానీ మార్సీ?

"ఆ పిల్లని పిలువు, డారెల్," అన్నాడు ఆర్వల్. గొంతు పీలగా వచ్చింది. "అది నేనే."

డారెల్ ఫోను తీసుకుని మార్సీకి చేస్తూ, వీపు తిప్పి కిటికీ దగ్గరకు వెళ్ళిపోయాడు.

ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆర్వల్ సొంత ఊళ్ళో జరిగిన ఒక్క ఆటా తప్పలేదు. ఈ మూడేళ్ళూ జోలీన్ వెనక వరసలోనే అతని సీటు.

జోలీన్ చేతులు తుడుచుకుంది.

"రేపు ఆటకి రావద్దు నాన్నా," అంది.