పక్కా ఇటుక గోడ

మల్లేశ్వరరావు అంటే నాకు కుళ్లు. దాచుకోవడం ఎందుకు, ముందే చెప్పేస్తున్నాను. ముప్పై ఏళ్లు నిండలేదు, గుడివాడ నుంచి వచ్చి నాలుగేళ్లు కాలేదు, ఆబిడ్స్‌లో ఏ దుకాణానికి పోయినా వాడి పేరే. "ఆ ఆంధ్రా పిలగాడు మంచిగ బిగిస్తడు" అని నా మొహం మీదే అనేవారు. చెవుల్లో సీసం పోసినట్టుండేది.

ఇరవై రెండేళ్లుగా ఆ బజారులో బోర్డులు, గడియారాలు, అల్మారాలు గోడలకు బిగించింది ఈ బాలకిషన్. ఉలితో గోడ తొలిచి, టేకు ముక్క చెక్కి దిగగొట్టి, దానిలోకి స్క్రూ ఎక్కించేవాణ్ని. ఆ మల్లేశ్వరరావేమో సంచీలోంచి చేత్తో తిప్పే డ్రిల్లు తీస్తాడు. సన్నని కన్నం, అందులో నారతో చేసిన చిన్న గొట్టం, గొట్టంలో స్క్రూ. స్క్రూ తిరిగేకొద్దీ గొట్టం ఉబ్బి ఇటుకను గట్టిగా పట్టుకుంటుంది. ఐదు నిమిషాల పని, పిడికెడు దుమ్ము కూడా లేవదు. నా పనికి దుమ్ము లేస్తుందని వాడు వచ్చేదాకా ఒక్కడంటే ఒక్కడు అనలేదు.

అదంతా భరించాను. 1963లో, దసరాకు ముందు, వామన్‌రావు సాబ్ చేసింది మాత్రం భరించలేకపోయాను.

వామన్‌రావు సాబ్‌ది ఆబిడ్స్‌లో చీరల దుకాణం. మా నాయన కాలం నుంచీ అక్కడ మేకు దిగాలంటే మా చేత్తోనే దిగాలి. ఆయన హిమాయత్‌నగర్‌లో ఇంకో దుకాణం తెరుస్తున్నాడు. అల్మారాలూ బోర్డులూ అన్నీ కలిపి ఆరు నెలల పని. అది నాదేననుకున్నాను. నా భార్య కమల నాంపల్లిలో మా గల్లీ గల్లీ అంతా చాటేసింది కూడా. తీరా ఒకరోజు పొద్దున్నే పోయేసరికి సాబ్ పక్కన మల్లేశ్వరరావు నిలబడి ఉన్నాడు. వాళ్ల ముందు మనిషెత్తు అద్దం, టేకు ఫ్రేము, ముగ్గురు పట్టుకుంటే గానీ లేవనంత బరువు.

"బాలకిషన్, ఈ అద్దం మల్లేశ్వరరావు బిగిస్తడు," అన్నాడు సాబ్. "జర చూస్త. మంచిగ కుదిరితే హిమాయత్‌నగర్ పని గూడ ఈయనకే ఇస్త. నువ్వు ఫికర్ జెయ్యకు, చిన్న చిన్న పనులు నీకుంటయి."

చిన్న చిన్న పనులట!

అద్దం పెట్టాల్సింది దుకాణానికీ వెనుక సరుకు గదికీ మధ్య ఉన్న గోడకు. పైకి అది మిగతా గోడల్లాగే ఉంటుంది, అదే సున్నం, అదే రంగు. కానీ లోపలంతా గుల్ల. మా నాయన దాన్ని కడుతుంటే నేను పక్కన నిలబడి వెదురు బద్దలందించాను. వరసగా టేకు గుంజలు, వాటికి రెండువైపులా బద్దలు, బద్దల మీద సున్నం, నడుమ ఖాళీ. అలాంటి గోడలో నారగొట్టం పెడితే అది పట్టుకోవడానికి ఏముంటుంది? రెండు రోజులు నిలుస్తుంది, మూడోరోజు పెచ్చుతో సహా ఊడి వస్తుంది. గుంజ ఎక్కడుందో వెతికి దానికైనా బిగించాలి, లేదంటే రెక్కల బోల్టు వెయ్యాలి. ఆ బోల్టు రెక్కలు ముడుచుకొని కన్నంలో దూరి, అవతల విచ్చుకొని గోడను వెనుకనుంచి పట్టుకుంటుంది.

సాబ్ గల్లా దగ్గరికి వెళ్లాక మల్లేశ్వరరావు నా పక్కకు వచ్చాడు.

"మేస్త్రీగారూ, ఈ షాపంతా మీకు కొట్టిన పిండి కదండీ. ఇదేం గోడండీ?"

"పక్కా ఇటుక," అన్నాను. "ఏనుగును యాలాడదీసినా ఏం గాదు."

వాడు తలూపి డ్రిల్లు తీసుకున్నాడు. నేను చెప్పులేసుకొని బయటపడ్డాను.

ఆ మర్నాడూ, ఆ మూడోనాడూ నేను ఎక్కడికీ పనికి పోలేదు. దుకాణానికి ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చొని, అద్దం పగిలే చప్పుడు కోసం చెవులు రిక్కించుకొని చాయ్ మీద చాయ్ తాగాను. పగిలితే వాడి పీడ విరగడవుతుంది, హిమాయత్‌నగర్ నాదవుతుంది, అంతే నా ఆలోచన. మూడోనాడు ఒకావిడ ఇద్దరు ఆడపిల్లలతో లోపలికి వెళ్లింది. చీరలు చూస్తూ ఆమె సరిగ్గా అద్దం కింద కూర్చుంది. చిన్నపిల్ల ఫ్రేముకు వీపు ఆనించి కాళ్లు బార్లా చాపింది. అద్దం ఎవరి మీద పడుతుందన్నది అప్పటిదాకా నా బుర్రకు తట్టనే లేదు.

ఎట్లా లేచానో తెలియదు. రిక్షావాడు తిడుతున్నా ఆగకుండా రోడ్డు దాటి, చెప్పుల కాళ్లతోనే తెల్ల పరుపు మీదకు ఎక్కి, రెండు చేతులా ఆ ఫ్రేమును కావలించుకున్నాను.

"లేవుండ్రి! జల్ది పక్కకు జరుగుండ్రి!"

పిల్ల జడుసుకొని ఏడ్చింది. అద్దం మాత్రం వెంట్రుకవాసి కదలలేదు.

మూలన నిచ్చెనెక్కి ఇంకేదో బోర్డు బిగిస్తున్న మల్లేశ్వరరావు దిగి వచ్చాడు. "కదలదండీ మేస్త్రీగారూ. ఆరు రెక్కల బోల్టులు వేశాను. రెండు గుంజల్లోకి స్క్రూలు కూడా ఎక్కించాను."

గల్లా దగ్గర సాబ్ పగలబడి నవ్వాడు. "ఏందయ్యా, గంత భయమా? లోపల గుల్ల ఉన్నదని నువ్వే జెప్పినవంట గద! నువ్వు జెప్పకుంటే అద్దం పోతుండె అన్నడు మల్లేశ్వరరావు. శభాష్! హిమాయత్‌నగర్ పని మీ ఇద్దరికీ చెరి సగం, పో."

ఫ్రేము వదిలి మల్లేశ్వరరావు దగ్గరికి జరిగి గొంతు తగ్గించి అడిగాను. "నీకెట్ల తెలిసింది?"

"మీరు గోడ తట్టకుండానే చెప్పేశారండీ," అన్నాడు వాడు, అంతే నెమ్మదిగా. "మీ అంతటి పనివారికి మాటకన్నా ముందు చెయ్యి గోడమీదికి పోతుంది. అనుమానమొచ్చి నేను తట్టి చూశాను."

"మరి సాబ్‌కు గట్లెందుకు జెప్పినవ్?"

"పోనిద్దురూ. మీ పని మీకుండాలి కదండీ."

నా పని నాకు వాడు ఇస్తాడట! డ్రిల్లు వాడిదే, బోల్టులు వాడివే, బజారంతా వాడి పేరే. చివరికి మంచితనం కూడా వాడిదేనా? ఇక జీవితాంతం వాడు దయతలచి విదిలించిన సగం తింటూ, వాడు కనబడినప్పుడల్లా తల దించుకోవాలా?

"సాబ్!" అన్నాను, దుకాణమంతా వినబడేట్టు. "నేను గుల్ల అని చెప్పలే. పక్కా ఇటుక అని చెప్పిన. అద్దం పడాలనే చెప్పిన."

ఆవిడ పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది. సాబ్ మొహంలో నవ్వు పోయింది. నన్ను చూశాడు, తర్వాత మల్లేశ్వరరావును చూశాడు.

"ఔనా?"

వాడు తల దించుకున్నాడు.

"అంటే నువ్వు గూడ నాతోని అబద్ధమాడినవన్నట్టు."

మల్లేశ్వరరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆబిడ్స్‌లో వాణ్ని ఆ మాట అన్నవాళ్లు అప్పటిదాకా లేరు. అది చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "నువ్వింక గీడికి రాకు, బాలకిషన్," అని సాబ్ అంటున్న మాట ఎక్కడో దూరంగా వినబడింది.

నాంపల్లి దాకా ఈల వేసుకుంటూ నడిచాను. గుమ్మంలోనే కమల ఎదురొచ్చింది.

"ఏమాయె? పని ఖాయమైందా?"

"ఆ మల్లేశ్వరరావు మొహం ఎట్ల మాడిపోయిందో నువ్వు చూడాల్సుండె కమలా," అన్నాను.

"నేను పని సంగతి అడుగుతున్న," అంది కమల.