ఊడిపోయే బంగారు బిళ్ళలు

బిళ్ళలంటించే పని ఉన్న వారం ప్రెస్సులో అందరూ నోరు దగ్గర పెట్టుకుని మాట్లాడతారు. ఆడపిల్లల పక్షాన నిలబడే పిల్లల పుస్తకాలకు ఏటా ఒక బహుమతి ఇస్తారు. నెగ్గిన పుస్తకం అట్ట మీద బంగారు రంగు బిళ్ళ అంటించి బడులకు పంపాలి. ఆ బిళ్ళలకో గుణం ఉంది. దగ్గర్లో ఎవరైనా పుస్తకానికి ఎదురు మాటన్నారా, ఊడి కింద పడతాయి. ఒకసారి మేస్త్రీ తన పెళ్ళాం మీద ఏదో జోకేసి, సాయంత్రం దాకా నేల మీద బిళ్ళలేరుకున్నాడు. అప్పట్నుంచి ఆ వారమంతా తన నడుం నొప్పి గురించి తప్ప మాట్లాడడు.

ఈ ఏడు నెగ్గింది, తమ్ముణ్ణి ఎత్తుకు తిరగడం మానేసి పడవ నడపడం నేర్చుకున్న ఒక పిల్ల కథ. వాటికి బిళ్ళలంటించే పని ఒకామెది. భర్త పోయాక పని కోసం ఈ ఊరొచ్చింది. కూతురూ, చిన్నవాడైన కొడుకూ దూరంగా అత్తగారి దగ్గరే ఉన్నారు. అట్ట నలిగిన పుస్తకమొకటి పెద్దదానికి పంపింది. పంపిన రోజు నుంచీ అదే బెంగ. అత్తగారు చదివితే ఏమంటుందో!

ఆఖరి కట్ట పూర్తవుతుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, పరుగు పందేల జట్టులో నన్ను తీసుకున్నారు. బస్సు వీధి చివర ఆగి ఉంది. నాయనమ్మ వద్దంటోంది. బుడ్డోణ్ణి ఎవరు చూస్తారంటోంది."

"ఆవిడేదీ?"

"గుమ్మానికి అడ్డంగా నుంచుంది. గడప దాటితే ఇద్దరూ మీ అమ్మ దగ్గరికే పొండి అంటోంది."

ఆమె ఉండేది మరో ముగ్గురితో పంచుకునే గది. ఆమె చాప పరిస్తేనే తలుపు సరిగ్గా తెరుచుకోదు.

"నాయనమ్మ చెప్పినట్టు విను తల్లీ. ఆడపిల్లవి, సర్దుకుపోవాలి."

ఒక బిళ్ళ రాలింది. ఆ వెనకే టపటపా కట్టలకు కట్టల బిళ్ళలు.

"వదినా, నీకు దండం పెడతా! ఆ ఫోనేదో బయటికెళ్ళి మాట్లాడకూడదూ!" పక్కనున్నామె నెత్తి కొట్టుకుంది.

"అమ్మా, అదేం చప్పుడు?"

"ఏం లేదు. వాన."

"వాన కాదు. బిళ్ళలెప్పుడు ఊడతాయో నువ్వే చెప్పావుగా."

ఆమె ఫోన్ చెవికి ఇంకాస్త నొక్కింది.

"సరేలే అమ్మా, నువ్వేం అనక్కర్లేదు," అంది పెద్దది. ఫోన్ ఎక్కడో పెట్టేసినట్టుంది, గొంతు దూరమైంది. "బుడ్డోడా, చెప్పులు తొడుక్కో. నువ్వూ పందేలకు వస్తున్నావ్."

"ఎక్కడికే? ఏయ్, నిన్నే!" అత్తగారి కేక. లైన్ తెగిపోయింది.

ఆమె మళ్ళీ కలిపింది. మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. మేస్త్రీ నడుం పట్టుకుని వంగి బిళ్ళలేరడం మొదలుపెట్టాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కి పెట్టుకుని, ఆమె ఒక బిళ్ళ తీసి అట్ట మీద పెట్టింది. అంటుకుంది. ఎందుకో గోరుతో గీకి చూసింది. అంచు కూడా లేవలేదు.

బయట పుస్తకాల కోసం వచ్చిన లారీవాడు హారన్ కొడుతున్నాడు. అక్కడ, ఆ ఇంట్లో, ఫోన్ మోగుతూనే ఉంది.