కంపెనీ చెప్పిన నూట ఎనభై

డ్రైవింగ్ స్కూల్లో ఆవిణ్ణి అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆవిడ కూర్చునేది పక్క సీట్లోనే. స్టీరింగు పట్టుకున్నవాళ్ళు ఏడ్చినా, తిట్టుకున్నా, ఎదురుగా బస్సు వస్తుంటే కళ్ళు గట్టిగా మూసుకున్నా ఆవిడ గొంతు పెరిగేది కాదు. పెంచాల్సిన అవసరమూ లేదు. స్కూలు కార్లో ఆవిడ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది.

ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అందరికంటే పిరికివాడు ఎవరయ్యా అంటే, ఇప్పటి ఆవిడ మరిదే. కళ్ళజోళ్ళ షాపులో పని. నోట్లో నాలుక లేని మనిషి. హారన్ కొట్టవయ్యా అంటే, "పర్లేదండీ, వాళ్ళే చూసుకుని తప్పుకుంటారు" అనేవాడు. ఒకసారి రోడ్డు మధ్యలో పావురం వాలిందని కారాపి, అది తీరిగ్గా గింజలేరుకుని ఎగిరిపోయేదాకా కూర్చున్నాడు. వెనక లారీ డ్రైవరు ఏడు తరాలనీ కలిపి తిడుతున్నా చలించలేదు. ఆ రోజే టీచరమ్మ స్కూలు ఆఫీసులో ఫోన్లు చూసే తన చెల్లెలితో అంది, "బ్రేకు తొక్కినా దానికెక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు తొక్కుతాడే. అలాంటివాడు పెళ్ళాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు."

చెల్లెలు అక్క మాట నమ్మింది. పెళ్ళయింది. టీచరమ్మ జోస్యం తప్పు కూడా కాలేదు. పొద్దున్నే కాఫీ అతనే పెట్టేవాడు. చెల్లెలికి జ్వరం వస్తే షాపుకి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చునేవాడు. ఎప్పుడూ ఒక్క మాట తూలలేదు.

తర్వాత కొత్త కారొచ్చింది. అటు జీపూ కాదు, ఇటు మామూలు కారూ కాదు. రెండిటికీ పుట్టిన పిల్లలా పొట్టిగా, బొద్దుగా, ఎత్తు కప్పుతో ఉండే ఈ కాలపు కాంపాక్ట్ క్రాసోవర్. నీలం రంగు. అందరూ బావుందన్నారు. షాపులో అద్దాలు అరగదీసే పెద్దాయన మాత్రం దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "పైన పటారం, లోన లొటారం. ఇంజను చూస్తే పిడికెడు, ఒళ్ళు చూస్తే బీరువా. ఇది నూట యాభై దాటితే నా మీసం తీసేస్తా" అన్నాడు.

"కంపెనీ వాళ్ళు నూట ఎనభై అని రాశారండీ" అన్నాడు మరిది.

"రాస్తారయ్యా. రాయడానికేం, పెట్రోలు ఖర్చా?"

షాపంతా నవ్వింది. మరిదీ నవ్వాడు. కానీ ఆ మాట చెప్పులో రాయిలా లోపల ఉండిపోయింది. ఈ సంగతులేవీ టీచరమ్మకి అప్పటికి తెలియవు. తెలిసింది చెల్లెలి ఫోన్ వచ్చాకే.

"అక్కా, ఆదివారం పొద్దున్నే మాతో రావా? ఊరి చుట్టూ కొత్త రోడ్డు వేశారుగా, చూసొద్దాం."

"రోడ్డేమైనా సినిమానా, చూడ్డానికి?"

"రా అక్కా" అంది చెల్లెలు. ఆ 'రా'లో ఏదో ఉంది. టీచరమ్మ ఇంకేం అడక్కుండా సరేనంది.

ఆదివారం వెళ్ళేసరికి మరిది టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. "మీరు ముందు కూర్చోండి వదినా" అని తలుపు తీసి పట్టుకున్నాడు. చెల్లెలు వెనక, సరిగ్గా అతని సీటు వెనకాల సర్దుకుంది. ఊరు దాటేదాకా అతను నడిపిన తీరుకి టీచరమ్మ పరీక్ష పెట్టి ఉంటే నూటికి నూరు వేసేది.

కొత్త రోడ్డు ఇంకా తెరవలేదు. అడ్డంగా ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టారు. మరిది దిగి రెండు డ్రమ్ములు పక్కకి జరిపి, కారు లోపలికి తెచ్చి, మళ్ళీ వెళ్ళి వాటిని యథాస్థానంలో పెట్టి వచ్చాడు. ముందంతా నల్లటి తారు, కొత్తగా గీసిన తెల్లగీతలు, ఇంకా అద్దాలు బిగించని టోల్ గదులు. కనుచూపు మేరలో నరపురుగు లేదు.

"వదినా, ఇది కాస్త పట్టుకోండి" అంటూ ఫోన్ చేతిలో పెట్టాడు. తెర మీద పెద్ద సున్నా. "ఇది ఉపగ్రహాల నుంచి లెక్కకట్టే వేగం. కారు మీటరు ఐదారు ఎక్కువే చూపిస్తుంది, ఏ కంపెనీదైనా. ఇదైతే నిజం చెప్తుంది. మీటరు, ఫోను రెండూ పడేలా నా ఫోన్‌తో కాదు, మీ ఫోన్‌తో వీడియో తీయండి."

"ఎందుకూ?"

"చెప్తాగా" అన్నాడు, చిన్నపిల్లాడిలా నవ్వుతూ. నవ్వుతూనే తొక్కాడు.

వంద దాకా టీచరమ్మకి పెద్దగా ఏమీ అనిపించలేదు. నూట ఇరవై దగ్గర "ఇక చాల్లే" అంది. నూట నలభై దగ్గర "చాలన్నానా" అంది. అప్పటికే కారు లోపల ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. ఎత్తైన ఆ ముక్కుని గాలి రెండు చేతులతో వెనక్కి నెడుతున్నట్టు హోరు. ఇంజను గొంతు చించుకుంటోంది. స్టీరింగు సన్నగా వణుకుతోంది. టీచరమ్మ కుడికాలు తనకి తెలియకుండానే నేలని తొక్కుతోంది. అక్కడ బ్రేకు లేదు, రబ్బరు చాప ఉంది. చాప ముడతలు పడి ముందుకి జరిగిపోయింది, అంతే.

నూట యాభై ఐదు దాటాక అసలు నరకం మొదలైంది. అక్కణ్ణుంచి అంకె పరిగెత్తదు, పాకుతుంది. నూట యాభై ఆరు. చాలాసేపటికి నూట యాభై ఏడు. ఒక్కో అంకె కోసం రోడ్డు కిలోమీటర్లకి కిలోమీటర్లు కరిగిపోతోంది. వంద దాకా రెప్పపాటులో ఎక్కిన కారు, ఇప్పుడు ముసలివాడు మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. అతను తొక్కిన కాలు తీయడం లేదు. ముందుకి వంగి, పంటి బిగువున, "ఇంకొంచెం, ఇంకొంచెం తల్లీ" అని కారుని బతిమాలుతున్నాడు.

టీచరమ్మ స్టీరింగు మీద చెయ్యి వేయగలదా? ఈ వేగంలో వేస్తే ముగ్గురూ కాటికే. హ్యాండ్ బ్రేకు లాగగలదా? అంతకంటే ఘోరం. గొంతెత్తి అరవగలదా? ఉలిక్కిపడి స్టీరింగు కదిపితే? ఏం చేయకూడదో ఆవిడకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అదే ఆవిడ ఖర్మ అయింది. ఫోను పట్టుకుని, వీడియో తీస్తూ, కొయ్యబొమ్మలా కూర్చుంది. అద్దంలోంచి చూస్తే వెనక చెల్లెలు కళ్ళు మూసుకుని ఉంది. భయంతో మూసుకున్నట్టు లేదు. అలవాటుగా మూసుకున్నట్టుంది.

మీటరు నూట డెబ్బై, ఫోను నూట అరవై నాలుగు. అక్కడ ఆగిపోయింది. ఎంత తొక్కినా అంకె మారలేదు. దూరంగా రోడ్డు చివర మట్టికుప్పలు కనిపించాక అతను కాలు తీశాడు. కారు నెమ్మదించి, ఎడమ పక్కకి సిగ్నలు వేసి మరీ ఆగింది.

"నూట అరవై నాలుగు" అన్నాడు, చావుకబురు చెప్పినట్టు.

టీచరమ్మ ఫోను ఒళ్ళో పడేసింది. "నీకేమైనా పిచ్చా? టైరు పేలితే ఏమయ్యేది? కుక్క అడ్డమొస్తే? వెనక నీ పెళ్ళాం ఉంది!"

"టైర్లు చూశాను వదినా. అవి నూట తొంభై దాకా తట్టుకుంటాయి."

"నేనడిగేది టైర్ల గురించి కాదు!"

"మీ కంగారు నాకర్థమైంది" అన్నాడు మెత్తగా. నిజంగానే అర్థమైనట్టు తల ఊపాడు. "మీకు చెప్పకుండా చేయడం నాదే తప్పు. కానీ ఎదురుగాలి ఉంది, చూశారా? ఒకవైపు లెక్క లెక్క కాదు. అటూ ఇటూ పరిగెత్తించి సగటు తీయాలి. పైగా ముగ్గురం ఉన్నాం." కాస్త మొహమాటపడ్డాడు. "మీరిద్దరూ ఏమీ అనుకోకపోతే... ఇక్కడ దిగి నీడలో కూర్చుంటారా? బరువు తగ్గితే ఇంకో నాలుగైదు వస్తాయి."

టీచరమ్మ తాళంచెవి లాక్కుందామనుకుంది. ఆ కారుకి తాళంచెవి లేదు, బొత్తాం ఉంది. అప్పటికే చెల్లెలు దిగేసింది. సీసాలో నీళ్ళు అతనికిచ్చి, "జాగ్రత్త" అంది. ఆ ఒక్క మాటే. టీచరమ్మ దిగడం, తలుపు వేయడం, కారు వెనక్కి తిరిగి చిన్న నీలం చుక్కై మాయమైపోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి.

అక్కచెల్లెళ్ళిద్దరూ రోడ్డు పక్కనే ఉన్న మరో టోల్ గది మెట్ల మీద కూర్చున్నారు. సున్నం వాసన ఇంకా పోలేదు.

"ఎన్నాళ్ళుగా?" అంది టీచరమ్మ.

"కారొచ్చిన నెల నుంచి. ప్రతి ఆదివారం. షాపులో పెద్దాయన మీసం పందెం వేసినప్పట్నుంచీ ఇదే ధ్యాస."

"మరి నాకు చెప్పవేం?"

"ఏం చెప్పను? తాగుతాడనా, కొడతాడనా? మిగతా ఆరు రోజులూ బంగారం అక్కా. ఈ ఒక్కటే. మొదట్లో వద్దన్నాను, ఏడ్చాను కూడా. అప్పుడు నన్ను ఇంట్లో వదిలేసి ఒక్కడే వెళ్ళాడు. వచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాను. అదింకా నరకం. పక్కనుంటే కనీసం తెలుస్తుందిగా." చున్నీ కొసని వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నీ మాటంటే ఆయనకి గురి. స్టీరింగు పట్టడం నేర్పినదానివి. నువ్వు పక్కన కూర్చుంటే ఆగుతాడనుకున్నాను."

పక్కన కూర్చున్నా ఆగలేదు. పైగా వీడియో తీసిపెట్టింది తనే.

అంతలో దూరంగా తుమ్మెద రొదలా వినపడింది. రొద హోరైంది. నీలం మెరుపు ఒకటి వాళ్ళ ముందునుంచి దూసుకుపోయింది. దుమ్ము లేచింది, చెల్లెలి చున్నీ ఎగిరింది. లోపలున్న మనిషి ముఖం కనపడలేదు. టీచరమ్మ లేచి నిలబడి రెండు చేతులూ ఊపింది. ఎవరికి ఊపుతోందో, ఎందుకో ఆవిడకే తెలియదు. మట్టికుప్పల వైపు కారు వెళ్ళిపోయింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చప్పుడు కోసం విన్నారు. చప్పుడేమీ రాలేదు. చాలాసేపటికి కారు బుద్ధిగా తిరిగొచ్చి వాళ్ళ ముందు ఆగింది.

"నూట అరవై ఎనిమిది" అన్నాడు మరిది. అతని కళ్ళల్లో నిజంగా నీళ్ళున్నాయి. "అంతా మోసం వదినా. నూట ఎనభై ఎక్కడా లేదు."

తిరుగు ప్రయాణంలో "నేను నడుపుతాను" అంది టీచరమ్మ. "అయ్యో, తప్పకుండా" అని అతను వెంటనే దిగి పక్క సీట్లోకి మారాడు. ఆవిడ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. తన కళ్ళతో చూసిన ప్రమాదాలు చెప్పింది. తన దగ్గర నేర్చుకుని, తర్వాత నెలకే పోయిన కుర్రాడి సంగతి చెప్పింది. అతను ప్రతిదానికీ "నిజమే వదినా" అన్నాడు. "ఇక చేయకు" అంటే, "సరే వదినా, చేయను" అన్నాడు. గోడకి చెప్పుకుంటే గోడైనా కాస్త ఎదురు నిలబడుతుంది. ఇతను అలా కాదు, నీళ్ళలా ఉన్నాడు. ఎంత గట్టిగా కొట్టినా చెయ్యి లోపలికి వెళ్ళిపోతుంది, పైన గీత కూడా మిగలదు.

ఆ వారం ఆవిడ చేయని ప్రయత్నం లేదు. అతని తల్లి దగ్గరికి వెళ్ళింది. "వాడు సిగరెట్టు కూడా ముట్టడమ్మా, ఆ మాత్రం సరదా ఉండకూడదా" అందావిడ. సర్వీసింగ్ షెడ్డుకి వెళ్ళి, కారు వంద దాటకుండా కట్టడి చేయగలరా అని అడిగింది. "ఓనరుని రమ్మనండి మేడం" అన్నాడు మెకానిక్. షాపులో అద్దాలరగదీసే పెద్దాయన్ని పట్టుకుని, పందెం ఓడిపోయానని ఒప్పేసుకోమని బతిమాలింది. పాపం ఆయన భయపడిపోయి, మర్నాడే మీసం తీసేసుకుని షాపుకొచ్చాడు. మరిది ఆ బోడిమూతి చూసి, "పందెం నూట యాభై మీద కదండీ, అది ఎప్పుడో దాటింది. నా బాధ ఆ పైది" అన్నాడట.

చివరికి ఆవిడ రోడ్డు వేసే కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేసింది. పేరు చెప్పలేదు. ఆదివారాలు కార్లు లోపలికొస్తున్నాయని మాత్రం చెప్పింది. వాళ్ళు చూసుకుంటామన్నారు, అన్నమాట నిలబెట్టుకున్నారు. శనివారానికల్లా డ్రమ్ములు పోయి, క్రేనుతో తప్ప కదలని కాంక్రీటు దిమ్మలు వచ్చాయి. టీచరమ్మ స్వయంగా వెళ్ళి చూసొచ్చింది. ఎన్నాళ్ళకో ఆ పూట కడుపునిండా తిన్నది.

తిన్న పళ్ళెం కడుగుతుంటే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ రోడ్డుకి దిమ్మలు అడ్డం పెట్టారట."

"అలాగా?" అంది టీచరమ్మ.

"ఆయన వేరే రోడ్డు వెతికారు. హైవే. అక్కడ పల్లం కలిసొస్తుందట." చెల్లెలి గొంతు సన్నబడింది. "అది తెరిచిన రోడ్డే అక్కా. లారీలు తిరుగుతాయి."

టీచరమ్మ చేతిలోంచి సబ్బునురగ జారి నేల మీద పడుతోంది. తను చేసిన పని చెల్లెలికి చెప్పాలనుకుంది. చెప్పలేదు. ఖాళీ రోడ్డు మీద ఉన్నవాణ్ణి తీసుకెళ్ళి లారీల మధ్య పడేసింది తనే.

"నువ్వు వెళ్ళకే" అంది చివరికి.

"నేను వెళ్ళకపోతే ఆయన వెళ్ళడం మానేస్తాడా?"

టీచరమ్మ పళ్ళెం పక్కన పెట్టి, "ఎన్నింటికి?" అని అడిగింది.

మర్నాడు పొద్దున మరిది ఎప్పట్లాగే తలుపు తీసి పట్టుకున్నాడు. టీచరమ్మ ముందు సీటు వైపు వెళ్ళలేదు. వెనక చెల్లెలి పక్కన కూర్చుంది. ఏ సీటయినా ఒకటే అని ఆవిడకి అర్థమైపోయింది. చెల్లెలి చెయ్యి చల్లగా ఉంది. దాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది.

అతను వెనక్కి తిరిగి ఇద్దరినీ ఒకసారి చూశాడు. ఎంత అక్కరగా చూశాడో. "బెల్టులు పెట్టుకున్నారా వదినా?"

"పెట్టుకున్నాం" అంది టీచరమ్మ.

కారు వీధి మలుపు తిరిగి హైవే వైపు బయల్దేరింది.