అచ్చుతప్పు కాదు స్వామీ

తడి సిరా వాసన.

పొద్దున్నే తలుపు తీయగానే గుప్పుమని ముఖానికి కొట్టే వాసన. సిరా, సీసం, నూనె, కొత్త కాగితం... అన్నీ కలిసిన వాసన. ఆ వాసనలోనే ఆ పిల్ల పెరిగింది.

ప్రెస్సులో ఆమె పని మడతలు వేయడం. పెద్ద కాగితం. సగానికి ఒక మడత. మళ్లీ సగానికి. మళ్లీ. చెక్కబద్దతో ఒక్క రుద్దు — ఇంకో కాగితం. అందరూ ఆమెను మడత అనే పిలిచేవాళ్లు. పదహారేళ్లు నిండేసరికి ఆ పేరు ఒంటికి అతుక్కుపోయింది.

ఆ చేతుల మీదుగా ప్రార్థన పుస్తకాలు వెళ్లాయి. కథల పుస్తకాలు వెళ్లాయి. మందు సీసాల చీటీలు వెళ్లాయి.

ఒక్క ముక్క చదవలేదు.

చదవడం రాదు.

అక్షరాలు కూర్చే బల్ల దగ్గర అక్క ఉండేది. ఎవరి తోబుట్టువూ కాదు, అందరికీ అక్క. గింజలు ఏరుకునే పిట్టలా ఆమె వేళ్లు అరల్లోంచి సీసపు అక్షరాలు ఏరేవి, వరుసలో పేర్చేవి. ఒకరోజు మడత ఒక కట్ట మొత్తం తలకిందులుగా మడిచి పెట్టింది. యజమాని ప్రెస్సు కప్పు లేచిపోయేలా అరిచాడు. మడత ముఖం మాడిపోయింది.

అక్క దగ్గరికొచ్చి నిలబడింది.

"తలేదో తోకేదో నీకెట్లా తెలుస్తుందే? ఆదివారం చర్చిలో పూజ అవగానే వెనక గదికి రా."

వెళ్లింది. అరిగిపోయి పక్కన పడేసిన అక్షరాలు డబ్బాలోంచి బల్ల మీద గలగలా ఒలకబోసింది అక్క.

"ముట్టుకో. కరవవులే."

చల్లగా ఉన్నాయి. చిన్నగా ఉన్నాయి. సీసపు అక్షరం అద్దంలో బొమ్మ లాంటిది — కుడి ఎడమైపోతుంది, ఎడమ కుడైపోతుంది. మడత వాటిని చూసే నేర్చుకుంది. చూసినట్టే రాసింది. నెల తిరక్కుండా తన పేరు కాగితం మీద రాసి, ఎగురుకుంటూ అక్కకు చూపించింది.

అక్క కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. దీపానికి అడ్డం పెట్టి వెనకనుంచి చూసింది. కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇది చదవాలంటే కాగితం వెనక్కెళ్లి నిలబడాలే తల్లీ!"

ఇంట్లో అమ్మ మాత్రం పెదవి విరిచింది. "చదువొస్తే మడతలు వాటంతటవే పడతాయా?"

పడవు. కానీ చేతిలో కాగితం మాట్లాడుతుంది! మందు సీసా చీటీ మాట్లాడుతుంది, గోడ మీద బోర్డు మాట్లాడుతుంది, వీధి వీధంతా ఒక్కసారిగా నోరు తెరుస్తుంది. మడతకు నడవబుద్ధి కాలేదు. పరుగే. ప్రతి బోర్డు దగ్గరా ఆగడం, కూడబలుక్కోవడం, మళ్లీ పరుగు.

ఒక పిల్ల నలుగురైంది. నలుగురు ఇరవైమందయ్యారు. అక్క గొంతు చాల్లేదు. పుస్తకాలు కుట్టే వదిన — భర్త పోయి మూడేళ్లయింది — సూదీ దారం పక్కన పెట్టి వచ్చింది. పక్క సందులో రొట్టెలు కాల్చే పిన్ని పిండి చేతులతోనే వచ్చింది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండసాగారు. ఒకే పొయ్యి. ఒకే ప్రార్థన.

"మనం సిస్టర్లమైపోతే?" అంది వదిన ఒక సాయంత్రం.

పిన్ని పకపకా నవ్వింది. "నేనా! నా ముసుగు దులిపితే సేరు పిండి రాలుతుంది."

అక్క నవ్వలేదు. కూర్చుని బిషప్పుగారికి ఉత్తరం రాసింది. ఆడపిల్లలకు చదువు చెప్పే ఒక కొత్త సిస్టర్ల సభ పెట్టుకుంటాం, అనుమతి ఇవ్వండి.

ఆరు నెలలు జవాబు లేదు. ఈలోగా యజమాని తేల్చి చెప్పేశాడు. బిషప్పుగారు సరేనంటే సరి. కాదంటే మర్నాడే గది ఖాళీ.

ఆయన వచ్చాడు.

నల్ల అంగీ, ఊదారంగు నడికట్టు, వెనకే తోలు సంచితో కార్యదర్శి. గది తుడిచి తుడిచి పిన్ని చేతులు ఎర్రబడ్డాయి. పిల్లలు గోడకు బల్లుల్లా అంటుకుపోయారు. ఆయన బల్ల చూశాడు, డబ్బా చూశాడు, ముగ్గురు ఆడవాళ్లను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ముందే తేల్చుకుని వచ్చినవాడి అలసట ఉంది.

"ఈ పిల్లల్లో ఒకరు చదివి వినిపించండి."

అక్క మడత వైపు చూసింది.

"మీ పుస్తకం వద్దు. కంఠతా పట్టి ఉంటారు." ఆయన సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండానే, చేతికి అందిన కాగితం తీసి ఇచ్చాడు. కార్యదర్శి ఏదో అనబోయాడు. బిషప్పుగారి చెయ్యి అప్పటికే చాపి ఉంది.

చేతిరాత. అచ్చు కాదు. మడత కాగితం బల్ల మీద పరిచింది. వేలు పెట్టుకుంది. మొదలుపెట్టింది.

"ప్రెస్సు వెనక గదిలో... బడి నడుపుతున్న... ముగ్గురు స్త్రీల మనవి... పరిశీలించాం."

కార్యదర్శి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వీరు... భక్తిపరులే. పనిపాటలు చేసుకునేవారు. బోధించడానికి తగినవారు... కారు. అనుమతి ఇవ్వడం... కుదరదు."

చదవడం ఆగింది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క నేల చూసింది — ఆ తల వంగడం మడత మొదటిసారి చూసింది. చూసి, లోపల ఏదో భగ్గుమంది.

"స్వామీ, ఇందులో తప్పుంది."

"ఏమిటి? అచ్చుతప్పా?" అన్నాడు బిషప్పుగారు, తడబడి.

"అచ్చుతప్పు కాదు స్వామీ. అసలు తప్పే. తగినవారు కారని ఉంది. ఏడాది కిందట నాకు నా పేరు కూడా రాదు. ఇప్పుడు మీ ఉత్తరం మీ ఎదుటే చదివాను. మరి నాకెవరు నేర్పారు?"

యజమాని దగ్గాడు. వదిన కళ్లు మూసుకుంది.

బిషప్పుగారు కాగితం వెనక్కి తీసుకున్నాడు. మొదటినుంచీ చదువుకున్నాడు, తను రాయించిందే, ఎవరో రాసినట్టు. తర్వాత జేబులోంచి కలం తీశాడు. సంతకం పెడతాడనుకున్నారు.

కలం మడతకు అందించాడు.

"దిద్దు."

మడత కలం అందుకుంది. 'కారు' మీద గీత కొట్టింది. 'కుదరదు' మీద గీత కొట్టింది. పైన 'కుదురుతుంది' అని రాసింది — ఆ కంగారులో, ఆ సంబరంలో, మొదటి అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి పడింది!

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. పెదవి వణికింది. ఆపుకోలేక నవ్వేశాడు, పెద్దగా, వయసు మరిచిపోయి. నవ్వుతూనే కింద ఒక మాట చేర్చాడు — ఒక ఏడాదికి. సంతకం పెట్టాడు.

పిల్లలు ఒక్కసారిగా గోడ వదిలారు. ఆ గోల వీధి చివరకు వినిపించింది.

ఒక ఏడాది.

ఆ ఒక్క ఏడాదీ అరవై ఏళ్లయింది.

నాలుగో సిస్టరు మడతే. రేవు దగ్గర ఒక బడి. గనుల పక్కన ఒక బడి. నూలుమిల్లు నీడలో ఒకటి. రైలు ఆగే ప్రతిచోటా ఒక గది, ఒక బల్ల, ఇరవై జడలు. అక్క వెళ్లిపోయింది. వదిన వెళ్లిపోయింది. పిన్ని చివరి రోజు కూడా ముసుగు దులుపుకునే వెళ్లింది. తర్వాత కొత్తవాళ్లు రావడం తగ్గింది... ఆగింది. నలుగురు మిగిలారు, నలుగురూ ముసలివాళ్లే. ఒక పొద్దున పై అధికారుల ఉత్తరం వచ్చింది. ఇక సభలో కొత్తవారిని చేర్చుకోవడం లేదు. వృద్ధ సిస్టర్ల విశ్రాంతి గృహానికి బయలుదేరండి.

మడత చదివింది. దిద్దడానికి ఇందులో తప్పేమీ లేదు. మడిచి సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం, అక్కడికెళ్లే బస్సు కోసం నిలబడి ఉంది. ఎదుట ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. పై అంతస్తు కిటికీలోంచి గొంతులు... ఆడవాళ్ల గొంతులు... కూడబలుక్కుంటున్న గొంతులు! తప్పు చదివి, నాలిక కరుచుకుని, మళ్లీ మొదలుపెడుతున్న గొంతులు!

బస్సు వచ్చింది. వెళ్లిపోయింది.

మడత మెట్లెక్కుతోంది. మోకాళ్లు వద్దంటున్నాయి. ఎక్కుతోంది. కమ్మీ పట్టుకుని, ఆయాసపడుతూ, లోపల పదహారేళ్ల గుండె కొట్టుకుంటూ.

క్యాంటీను. బల్లలు పక్కకు జరిపారు. దూరదేశాల నుంచి పనికొచ్చిన ఆడవాళ్లు, టోపీలైనా తీయకుండా, డ్యూటీ దిగి, ఇక్కడి అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నారు. ముందు ఒక పాతికేళ్ల టీచరు. మెడలో శిలువ లేదు, తలమీద ముసుగు లేదు. చేతులకు సుద్ద. ఎవరు పంపారు? ఎవరూ పంపలేదు. మీ సభ పేరేమిటని అడిగితే తెల్లమొహం వేస్తుంది.

టీచరు గుమ్మం వైపు చూసింది. ముసలామె, చేతిలో సంచి, చెమట.

"రండి అమ్మమ్మా, లోపలికి రండి. కొత్తగా చేరతారా? సిగ్గేం లేదు, అందరూ మొదటినుంచే మొదలుపెడుతున్నారు."

చెప్పాల్సినవి నోటి దాకా వచ్చాయి. అరవై ఏళ్లు నోటి దాకా వచ్చాయి.

"కొత్తేనమ్మా," అంది మడత.

ఎవరో జరిగి చోటిచ్చారు. ఎవరో పెన్సిలు చేతిలో పెట్టారు. ముందు తెల్ల కాగితం, ఒక్క మడతైనా లేని కాగితం. పక్కనున్న అమ్మాయి అక్షరం మీద వేలు పెట్టి, ఆ శబ్దం కోసం పెదాలు కదుపుతోంది — వస్తోంది... వచ్చేస్తోంది...