ముసుగు తీసే కెమెరా

అరవై ఏడేళ్లుగా నేను చెప్పే మాటలు మా తండాలో ఎవరూ నమ్మరు. ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసే రోజుల్లో నా సద్దిగిన్నె ఎలుగుబంటి ఎత్తుకుపోయి, అన్నం తిని, గిన్నె తోమి తెచ్చి పెట్టిందంటే నవ్వారు. కిన్నెరసానిలో బండ అనుకుని మొసలి వీపు మీద బట్టలుతికానంటే మా ఇంటామె, "సబ్బు గూడ మొసలే తెచ్చిచ్చిందా?" అంది. అందుకే రిటైరయ్యాక ఖమ్మం పోయి పెద్ద కెమెరా కొన్నాను. ఇక నోటితో చెప్పేది లేదు, ఫొటో చూపించుడే అనుకున్నాను.

మెడకు తగిలించుకుంటే మేకపిల్లను మోస్తున్నట్టుండేది. నెల రోజులు మా కోళ్లనే తీశాను. కొన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా, కొన్ని బావిలోంచి తీసిన బొగ్గులా నల్లగా వచ్చాయి. వెలుతురును ఎంత లోపలికి రానివ్వాలో నాకు తెలిసేసరికి కోళ్లు నన్ను చూస్తే పారిపోవడం నేర్చుకున్నాయి.

అప్పుడొచ్చాడు నా తమ్ముడు చందూలాల్.

"అన్నా, నాదీ హేమ్లిదీ ఒక్క ఫొటో తియ్యరాదే. పెద్దగ కట్టించి గోడకేసుకుంట."

వాళ్ల పెళ్లికి ఫొటో లేదు. వాడిది నొక్కుడు ఫోను. తండాలో మోచేతి పైన తెల్లగాజులు ఇంకా వేసుకుంటున్నది వాడి భార్య హేమ్లి ఒక్కతే. అవి మొగుడు ఉన్నన్నాళ్లే ఉండే గాజులు.

ఆదివారం పొద్దున ఇద్దరూ మా వాకిట్లో నిలబడ్డారు. హేమ్లి పెట్టెలోంచి తీసిన అద్దాల లంగా కట్టుకుంది. నేను కెమెరా ఎత్తగానే ఎర్ర ముసుగు గడ్డం దాకా లాక్కుంది. నేను మొగుడికి అన్నను కదా! నలభై ఏళ్లలో నాకు మొహం చూపలేదు, నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు.

"కెమెరా వదినెకియ్యి అన్నా. నువ్వు గోడెన్కకు పో," అన్నాడు చందూలాల్.

ఇవ్వాల్సింది. మా ఇంటామె చెయ్యి కూడా చాపింది. కానీ ఆ కెమెరాను అప్పటిదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు నేను. "ఇది రొట్టెల పెంక కాదు," అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"ముసుగుంటే ఉండనియ్ రా. దవాఖానల మిషను తోలు లోపలి బొక్కలనే చూపిస్తలేదా? దీనికి బట్ట ఒక లెక్కనా?"

"గట్లయితే దీని ముందల ఆడోళ్లెవరు నిలబడ్తరు?" అంది మా ఇంటామె.

"మొహం మీది బట్ట ఒక్కటే తీస్తది. మర్యాద తెల్సిన కెమెరా."

చందూలాల్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే నొక్కాను. వెలుతురు సరిగ్గా కుదిరిన నా మొదటి ఫొటో అదే.

ఫొటో కడిగించి తెస్తే వాడు రెండు చేతులా పట్టుకుని చూశాడు. "ముసుగు గట్లనే ఉన్నదేందన్నా?"

వాడు నిజంగానే నమ్మాడని అప్పుడు తెలిసింది. జన్మలో నన్ను ఒకరు నమ్మారు. అబద్ధమని చెప్పడానికి సిగ్గేసింది.

"ముసుగు కంప్యూటర్ల తీస్తరు రా. ఖమ్మం స్టూడియోల ఇచ్చిన. టైం పడ్తది."

ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడ్డా అదే మాట. "వచ్చిందా అన్నా?"

"లైన్ల ఉంది. నీ పెండ్లాం కన్నా ముందల ఇద్దరు పెండ్లి పిల్లలున్నరు."

మళ్లీ పిలిచి, మా ఇంటామె చేత తీయిద్దామనే అనుకున్నాను. పత్తి ఏరడం అయిపోనీ అనుకున్నాను. పత్తి ఏరుతూనే చందూలాల్ చేలో కూలబడ్డాడు. ఆటో రోడ్డెక్కేలోపే పోయాడు.

పదో రోజు హేమ్లి చేతులు చూశాను. గాజులు తీసేసిన చోట చర్మం పాలిపోయి ఉంది. నలభై ఏళ్లు వెలుతురు పడని చోటు.

ముసుగులోంచి మా ఇంటామెను అడిగింది. "అక్కా, బావనడుగు. ఖమ్మంల ముసుగు తీసిన్రా?"

మా ఇంటామె నా వంక చూసింది. నేను ఆమె చేత చెప్పించలేదు, నేరుగా హేమ్లికే చెప్పాను.

"అబద్ధమమ్మా. అసొంటి కెమెరా ఏడ లేదు. నేనే ఉత్తగ చెప్పిన."

ముసుగు నా వైపు తిరిగింది.

"ఆయనకు చెప్పిన్రా?" అంది. నాతోనే. నలభై ఏళ్లలో మొదటిసారి.

"లేదమ్మా."

"మంచిగైంది. చేనుకు పోయే ముందుగాల గోడకు మేకు కొట్టి పోయిండు."

ఆ మేకుకే ఇప్పుడు నేను తీసిన ఫొటో వేలాడుతోంది. తమ్ముడు నవ్వుతున్నాడు. పక్కన ఎర్ర బట్ట. దాని కింద రెండు చేతుల నిండా తెల్లగాజులు, ఒక్కొక్కటీ విడివిడిగా, ఎంతో స్పష్టంగా.